సూదితో మొదలుపెట్టండి, మిషనుతో కాదు

కుట్టు మిషను విడిభాగాలు, టైలరింగ్ సామాను అమ్మే కొట్టు పెట్టాలని ఉందంటూ ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి, మిగతావాటికి విడివిడిగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఇంటి ముందు గది ఒకటి రోడ్డు వైపు ఉంది. డ్వాక్రా రుణంతో కలిపి రెండు లక్షలు సర్దగలను. మిషన్లు కూడా పెట్టాలా, సామాను చాలా? మొదట ఎంత సరుకు తేవాలి? (ఒక సోదరి, జనగామ)

మిషన్ల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. మిషను కొన్నవాళ్ళు మళ్ళీ ఏళ్ళ తరబడి కొనరు. అదే మనిషి సూదికి, దారానికి, హుక్కులకు వారానికి రెండుసార్లు మీ గడప తొక్కుతాడు. నాలుగు మిషన్లు వరసగా నిలబెడితే కొట్టు నిండుగా కనిపిస్తుంది గానీ పెట్టుబడి కదలకుండా వాటి కిందే కూర్చుంటుంది. ఎవరైనా అడిగితే దగ్గర్లోని డీలరుతో మాట్లాడి ఆర్డరు మీద తెప్పించండి. కమీషను వస్తే చాలు.

రెండు లక్షల్ని మేమైతే ఇలా విడగొడతాం. ర్యాకులు, చిన్న సొరుగులు, బోర్డు, లైట్లకు 30 వేలు. దారాలకు 50 వేలు. హుక్కులు, గుండీలు, జిప్పులు, ఎలాస్టిక్, కాన్వాసు, చీర ఫాల్స్, జాకెట్ తాళ్ళకు 35 వేలు. మిషను విడిభాగాలకు 25 వేలు. సూదులకు 10 వేలు. కత్తెరలు, టేపులు, గుడ్డ మీద గుర్తు గీసే సుద్దలు, నూనె సీసాలకు మరో 10 వేలు. మిగతా 40 వేలు ముట్టుకోవద్దు. అది మిగిలిన డబ్బు కాదు, రెండో నెల సరుకు. మొదటి నెల్లో జనం ఏది అడిగి, లేదంటే వెనక్కి వెళ్ళారో గల్లా పక్కన ఒక పుస్తకంలో రాసుకోండి. రెండో నెల ఆర్డరు ఆ పుస్తకంలోంచే రావాలి. డబ్బంతా మొదటి రోజే సరుకులో పోసినవాళ్ళ కొట్లో అమ్ముడుపోనిది దండిగా ఉంటుంది, అడిగింది ఉండదు.

సరుకుకు బయల్దేరేముందు ఒక వారం తిరగండి. మీ కొట్టుకు రెండు కిలోమీటర్ల లోపు దర్జీ కొట్లు ఎన్ని, ఇళ్ళల్లో కుట్టేవాళ్ళు ఎందరు, ఎవరి దగ్గర ఏ మిషను ఉంది, ఇవన్నీ రాసుకోండి. ఇళ్ళల్లో కుట్టే ఆడవాళ్ళే ఎక్కువ తేలతారు. వాళ్ళకు కావలసింది తొక్కుడు నల్ల మిషను సామాను. మెయిన్ రోడ్డు టైలర్ల దగ్గర ఇప్పుడు కరెంటు పవర్ మిషన్లు, గుడ్డ అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్‌లు వచ్చేశాయి. ఈ రెండింటికీ సూది నుంచి కింది దారం చుట్టే బాబిన్ దాకా ఏదీ ఒకటి కాదు. మీ ఊళ్ళో ఏవెన్ని ఉన్నాయో తెలియకుండా విడిభాగాలు తెస్తే సగం సొరుగుల్లోనే ముసలివవుతాయి.

అప్పు సంగతి. ముద్ర పథకంలో ‘శిశు’ విభాగం కింద 50 వేల దాకా, ‘కిశోర్’ కింద 5 లక్షల దాకా ఇస్తారు. సంఘం ద్వారా వచ్చే డబ్బుతోనే మొదలుపెట్టగలిగితే రెండో అప్పు ఆరు నెలల తర్వాత ఆలోచించుకోవచ్చు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు మాత్రం ముందే చేయించండి. ఆధార్, పాన్ ఉంటే చాలు, ప్రభుత్వ వెబ్‌సైటులో పైసా ఖర్చు లేదు. దానికి వెయ్యి, రెండు వేలు అడిగేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి.

ప్రశ్న: సూదుల పాకెట్ల మీద రకరకాల అక్షరాలు, అంకెలు ఉంటాయి. హోల్‌సేల్ కొట్లో ‘ఏ సూది?’ అని అడిగితే నోట మాట రాలేదు. కాస్త వివరంగా చెప్పండి. (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

మీ వ్యాపారంలో ముందు నేర్చుకోవలసిన పాఠం ఇదే. సూదికి రెండు గుర్తులుంటాయి. మొదటిది రకం, అంటే ఏ మిషనుకు పడుతుందో చెప్పేది. రెండోది సైజు, అంటే ఏ గుడ్డకో చెప్పేది. కొన్నవాళ్ళు సైజు మాత్రమే చెబుతారు, ‘పద్నాలుగు సూది ఇవ్వండి’ అని. రకం మీరు అడిగి తెలుసుకోవాలి.

ఇంటి మిషను సూది హెచ్ఏ×1. కొన్ని పాకెట్ల మీద 15×1 అనో 130/705 అనో ఉంటుంది, మూడూ ఒకటే. దీని మొదలు ఒక పక్క చదునుగా ఉంటుంది, వేలితో తడిమినా తెలుస్తుంది. పవర్ మిషన్ల సూదుల మొదలు గుండ్రం. వాటిలో మామూలు సింగిల్ నీడిల్ మిషనుకు ఎక్కువగా వాడేది డీబీ×1, మొదలు సుమారు 1.6 మిల్లీమీటర్లు. బరువైన గుడ్డ కుట్టే మిషన్లకు డీపీ×5, మొదలు 2 మిల్లీమీటర్లు. ఓవర్‌లాక్‌కు సాధారణంగా డీసీ×27. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లకు డీబీ×కే5, దీని కన్ను డీబీ×1 కన్నా పెద్దది. డీపీ పట్టాల్సిన చోట డీబీ పెడితే సూది దూరుతుంది, స్క్రూ కూడా బిగుస్తుంది. కానీ సన్నది కాబట్టి పక్కకు ఒరిగి కూర్చుంటుంది. అక్కణ్ణించి కుట్టు తప్పడం, కింద పైదారాన్ని అందుకునే షటిల్ ముక్కుకు తగిలి విరగడం మొదలు. తప్పు మాత్రం ‘మీ సూదులు బాగాలేవు’ అని మీ మీదికే వస్తుంది.

సైజు సంగతి తేలిక. 90/14 అని ఉంటే సూది ఒళ్ళు 0.90 మిల్లీమీటర్ల మందం, పద్నాలుగు అనేది దానికి పాత పేరు. పట్టు, షిఫాన్, జార్జెట్ లాంటి పల్చని వాటికి 9 లేదా 11. కాటన్ జాకెట్, లైనింగు, పాప్లిన్‌కు 14. ప్యాంటు గుడ్డకు 16. జీన్స్‌కు 16 నుంచి 18, మడతలు మీద పడే చోట 21. లెగ్గింగులు, టీషర్టుల లాంటి సాగే గుడ్డకు మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది. మొన వాడిగా ఉండే మామూలు సూది ఆ గుడ్డ దారాన్ని తెంపుతుంది, కుట్టూ వదిలేస్తుంది.

మొదటి కొనుగోలుకు లెక్క: పాకెట్‌కు 10 సూదులు, పెట్టెకు 10 పాకెట్లు. హెచ్ఏ×1లో 14 సైజు మూడు పెట్టెలు, 16 రెండు, 11 ఒకటి, 18 అర పెట్టె. డీబీ×1లో 14 రెండు పెట్టెలు, 11, 16 ఒక్కొక్కటి. డీసీ×27లో 11, 14 ఒక్కొక్క పెట్టె. మిగతావి అడిగినప్పుడు.

ఆర్గాన్, గ్రోజ్-బెకర్ట్, ష్మెట్జ్ పేర్లు దర్జీలందరికీ తెలుసు. ఆ పేర్లతో నకిలీలూ ఉంటాయి. ధర అనుమానంగా తక్కువైతే వదిలేయండి. పాకెట్‌లోంచి ఒక సూది తీసి అద్దం పలక మీద పడుకోబెట్టి వెలుతురులో చూడండి. సూదికీ అద్దానికీ మధ్య సందు మొన దాకా ఒకేలా ఉండాలి. దాని కన్నులో దారం దూర్చి ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు లాగండి, దారం నూగులేస్తే కన్ను గరుకన్నమాట. ఇంతకు మించి పరీక్ష అక్కర్లేదు.

సూది ఏ వైపు తిప్పి పెట్టాలో కూడా కొట్లోనే అడుగుతారు. మిషన్ను బట్టి దిక్కు మారుతుంది, సూత్రం మారదు. సూది ఒంటి మీద పొడవాటి గాడి ఉన్న వైపు నుంచి దారం ఎక్కించాలి. కన్ను పైన గుంట తీసిన వైపు షటిల్ ముక్కు వైపు ఉండాలి. ఇంటి సూదికి చదును పక్క, గుంట పక్క ఒక్కటే. సింగిల్ నీడిల్ పవర్ మిషనులో గాడి ఎడమకు, దారం ఎడమ నుంచి కుడికి.

ప్రశ్న: నల్ల మిషను విడిభాగాలు ఏవేవి ఎన్నెన్ని పెట్టాలి? వచ్చినవాళ్ళకు వాటి పేర్లు తెలియవు, ‘కింద ఉండే గుండ్రంది’ అంటారు. (ఒక పాఠకుడు, వనపర్తి)

ఉష, సింగర్, మెరిట్, రీటా, ఇంకా పేరూ ఊరూ లేని లుధియానా మిషన్లు, పేరు ఏదైనా నల్ల మిషన్లలో చాలావాటి లోపలి అమరిక దాదాపు ఒకటే. విడిభాగాల్లో చాలా భాగం లుధియానా నుంచే వస్తాయి. అందుకే ఈ సామానులో పెట్టుబడి తక్కువ, తిరుగుడు ఎక్కువ.

బాబిన్ చుట్టే చోట ఉండే రబ్బరు రింగు అన్నిటికన్నా ముందు అరుగుతుంది. దాన్ని 50 తెచ్చుకోండి. బాబిన్లు 100. బాబిన్ కేసులు ఒక డజను, షటిళ్ళు అర డజను. పైదారాన్ని ఎగదన్నే సన్నటి చెక్ స్ప్రింగ్ రెండు డజన్లు, సూదిని బిగించే స్క్రూ రెండు డజన్లు. గుడ్డను అదిమిపట్టే ప్రెషర్ ఫుట్ ఒక డజను. బాబిన్ మీద మూతలా జారే స్లైడ్ ప్లేటు ఒక డజను, ఎందుకంటే మిషన్ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసినప్పుడల్లా అది ఎక్కడో పడిపోతుంది. నీడిల్ ప్లేటు, గుడ్డను లాగే పళ్ళు ఆరేసి. తోలు బెల్టులు రెండు డజన్లు, వాటి కొక్కాలు 100. తొక్కుడు పలకను చక్రానికి కలిపే కడ్డీ నాలుగు చాలు.

బెల్టు అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్పి పంపండి. కొత్త తోలు నెలలో సాగుతుంది. అప్పుడు కొత్తది కొననక్కర్లేదు, ఒక అంగుళం కోసి కొక్కెం మళ్ళీ గుచ్చుకుంటే చాలు. మరీ బిగించి కడితే మిషను బరువెక్కి కాళ్ళు లాగుతాయి.

పేర్ల సమస్యకు మందు పేర్లు బట్టీ పట్టడం కాదు. ప్రతి సొరుగు ముందు దానిలో ఉన్న భాగాన్నే ఒకటి అంటించండి. వేలు చూపించి ‘ఇదే’ అంటారు. గోడ మీద పెద్ద అక్షరాలతో ‘పాత ముక్క తీసుకురండి’ అని రాయించండి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూడకుండా బాబిన్ కేసు అమ్మవద్దు. స్ట్రెయిట్ కుట్టు మిషనుదీ జిగ్‌జాగ్ మిషనుదీ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, పైన పొడుచుకొచ్చిన ముక్కు దిశలో తేడా ఉంటుంది. పీకో మిషన్లకు, ఫుల్ షటిల్ మిషన్లకు పాత ముక్క చూడందే బాబిన్ కూడా ఇవ్వకండి. పాతది పోయిందంటే మిషను తలకాయ ఫోటో, మోడల్ నంబరు ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోండి.

ప్రశ్న: కొట్టు పెట్టి ఆరు నెలలైంది. బాబిన్ కేసులు, షటిళ్ళు ‘పనిచేయడం లేదు’ అని తెచ్చి పారేస్తున్నారు. వెనక్కి తీసుకోవాలా? (ఒక పాఠకురాలు, ఏలూరు)

వెనక్కి తీసుకోవాలా వద్దా అనేదానికన్నా ముందు, అసలు ఆ భాగం అమ్మి ఉండాల్సిందా అని చూడండి. ఈ వాపసుల్లో ఎక్కువ భాగం తప్పు మందు ఇచ్చిన కేసులే.

‘కింద దారం పిచ్చుక గూడులా చిక్కు పడుతోంది’ అంటారు. కిందే కనిపిస్తోంది కాబట్టి తప్పు బాబిన్ కేసుదే అనుకుంటారు. నిజానికి గుడ్డ కింద ఉచ్చులు పడితే పైదారం వదులుగా ఉందని అర్థం. పైదారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ పళ్ళేల మధ్య దారం కూర్చోలేదేమో, దారం లాగే లివర్‌లోంచి జారిందేమో, పళ్ళేల మధ్య నూగు చిక్కిందేమో. ముందు ప్రెషర్ ఫుట్ ఎత్తి దారం మళ్ళీ మొదటి నుంచి ఎక్కించమనండి. ఫుట్ దించి ఎక్కిస్తే పళ్ళేలు మూసుకుని ఉంటాయి, దారం లోపలికి దిగదు. గుడ్డ పైన ఉచ్చులు పడితే అప్పుడు కింది దారం వదులు, లేదా పైది మరీ బిగువు.

బాబిన్ కేసును కొట్లోనే పరీక్షించి చూపించవచ్చు. నిండు బాబిన్ వేసి దారం పట్టుకుని వేలాడదీయండి. దానంతటది జర్రున జారితే వదులు. చేత్తో చిన్న కుదుపు ఇచ్చినప్పుడు ఒక అంగుళం, రెండంగుళాలు దిగి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. కుదిపినా కదలకపోతే బిగువు, పక్కనున్న చిన్న స్క్రూను పావు తిప్పు వదలాలి. పాత కేసు ఆకు స్ప్రింగును వెలుతురులో చూస్తే దారం రాసుకుని గాడి పడిన గుర్తు కనిపిస్తుంది. అలా ఉంటే మార్చాల్సిందే, స్క్రూతో కుదరదు.

కుట్టు వదిలేస్తోందంటే ముందు కొత్త సూది, సరైన వైపు, పై దాకా తోసి బిగించాలి. చాలావాటికి ఇంతటితో సరి. అప్పటికీ వదిలేస్తుంటే షటిల్ ముక్కు గోటి మీద గీసి చూడండి. వాడిగా తగలాలి, మొద్దుబారితే మార్చాలి. దారం పదే పదే తెగుతోందంటే సూది కన్ను చూడాలి, తర్వాత నీడిల్ ప్లేటు రంధ్రం. సూది తగిలి తగిలి అంచులో గాట్లు పడతాయి, జీరో నంబరు ఎమరీ కాగితంతో నునుపు చేయవచ్చు. గుడ్డ కదలడం లేదంటే పళ్ళ సందుల్లో మట్టిలా గట్టిపడిన నూగు తీయమనండి, కుట్టు పొడవు మర సున్నా మీద ఉందేమో చూడమనండి.

కుట్టు వదలడం, దారం తెగడం లాంటివి చాలాసార్లు సూదితోనే తేలిపోతాయి. బాబిన్ కేసు అమ్మాల్సిన చోట సూది అమ్మితే ఆ పూటకు లాభం తగ్గుతుంది, నిజమే. కానీ ఆ మనిషి మళ్ళీ మీ దగ్గరికే వస్తాడు.

వాపసు నియమం రాసి గోడకు పెట్టండి. పాకెట్ విప్పిన సూదులు, కోసిన ఎలాస్టిక్, మోటార్లు, రెగ్యులేటర్లు వెనక్కి తీసుకోం. విడిభాగాలు మిషనుకు బిగించి గీతలు పడకపోతే మూడు రోజుల్లో మారుస్తాం. మోటారును అమ్మేముందు కరెంటు ఇచ్చి తిరిగేది చూపించండి, ఏ వైపు తిరుగుతుందో కూడా. ఇంటి నల్ల మిషను చక్రం కుట్టేవాళ్ళ వైపు తిరగాలి. మోటారులో నిప్పురవ్వలు, కాలిన వాసన అంటూ వస్తే చాలాసార్లు అరిగింది కార్బన్ బ్రష్‌లే. ఒక జత అమ్మితే పోయేదానికి కొత్త మోటారు అంటగట్టకండి.

ప్రశ్న: మిషనుకు కొబ్బరినూనె వేస్తే తప్పేంటి? అడిగేవాళ్ళకు ఏం చెప్పాలి? (ఆదిలాబాద్)

మీ ఊరి చలికాలమే జవాబు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరులో పొద్దున్నే మిషను కదలక మొరాయించేది అందుకే. ఎండాకాలంలో గడ్డకట్టదు గానీ దుమ్ముతో కలిసి జిగురవుతుంది. వంటనూనెలు ఇంకా అన్యాయం. తెల్లటి మిషను నూనె తప్ప ఏదీ వద్దు. ఇప్పటికే పట్టేసిన మిషనుకు రంధ్రాల్లో రెండేసి చుక్కల కిరసనాయిలు వేసి, దారం లేకుండా ఐదు నిమిషాలు తిప్పి, తుడిచి, తర్వాత మిషను నూనె. కిరసనాయిలు వేసి అలాగే వదిలేస్తే లోపల ఒట్టి ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. నూనె 50, 100 మిల్లీలీటర్ల సీసాల్లో అమ్మండి, పెద్ద డబ్బా ఎవరూ కొనరు.

ప్రశ్న: దారాల షేడ్ కార్డులో వందల రంగులున్నాయి. అన్నీ తేవాలంటే ఉన్న డబ్బంతా అందులోనే పోతుంది. (ఒక పాఠకురాలు, భీమవరం)

అన్నీ తేవద్దు. మొదట 60 రంగులు. తెలుపు, నలుపు, క్రీము, గంధం రంగు, ఎరుపు, మెరూన్ ఐదేసి పెట్టెలు. రాణీ రంగు, చిలకపచ్చ, నెమలికంఠం, ఆనంద బ్లూ, వంగపండు, మామిడిపండు రంగు, బంగారు రంగు, నేవీ బ్లూ రెండేసి. మిగతావి ఒక్కొక్క పెట్టె, పెట్టెకు 10 ట్యూబులు. షేడ్ కార్డు మాత్రం పూర్తిది గల్లా మీద ఉంచండి. గుడ్డముక్క తెచ్చినవాళ్ళు లేని రంగు చూపిస్తే ఆ నంబరు రాసుకుని మర్నాడు తెప్పించండి. మూడుసార్లు అడిగిన నంబరు కొట్లో ఉండాల్సిన నంబరు.

జతపరిచేటప్పుడు ట్యూబును గుడ్డ మీద పెట్టి చూడకండి. చుట్టిన దారం ముదురుగా కనిపిస్తుంది. ఒక పోగు విప్పి గుడ్డ మీద పరిచి, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూడాలి. పసుపు బల్బుల కింద అమ్మిన మెరూన్‌లో సగం వెనక్కి వస్తుంది.

పవర్ మిషన్ల టైలర్లకు కోన్లు కావాలి. వాళ్ళు ఎక్కువగా అడిగేది 40/2 పాలిస్టర్, లేబుల్ మీద టికెట్ 120 అని కూడా ఉంటుంది. ఓవర్‌లాక్‌కు ఒకే రంగువి మూడు కోన్లు పడతాయి కాబట్టి కోన్లు మూడేసి చొప్పున కొనండి. కోన్ల మీద రాసిన మీటర్లు బ్రాండును బట్టి మారతాయి, ధర పోల్చేటప్పుడు కోన్‌కు కాదు, వెయ్యి మీటర్లకు ఎంత పడుతోందో చూడాలి. చవక కోన్ చాలాసార్లు పొట్టి కోనే.

నెలలు కూడా చూసుకోండి. జూన్‌లో స్కూలు యూనిఫారాలు, అంటే తెలుపు, నేవీ, ఖాకీ దారాలు, చొక్కా గుండీలు, ప్యాంటు జిప్పులు, ఎలాస్టిక్. ఆషాఢం డిస్కౌంట్ చీరలకు జాకెట్లు శ్రావణంలో వేసుకోవాలి కాబట్టి లైనింగు, ఫాల్స్, హుక్కులు ఆషాఢం మొదట్లోనే ఉండాలి. దసరా, సంక్రాంతులకు సరుకు నెల ముందు.

ప్రశ్న: మా దగ్గర జీన్స్ కుట్టే యూనిట్లు చాలా ఉన్నాయి. వాటికి సరఫరా చేస్తే బాగుంటుందా? అందరూ అరువు అడుగుతున్నారు. (ఒక పాఠకుడు, రాయదుర్గం)

మీకూ బళ్ళారికీ జీన్స్ పని ఉన్నంత కాలం సూదులకు కరువు లేదు. కానీ ఇది రిటైలు కొట్టు కాదు, వేరే వ్యాపారం. యూనిట్లు పాకెట్లు కొనవు, పెట్టెలు కొంటాయి. ఎక్కువ ఖర్చయ్యేవి డీపీ×5లో 18, 21, ఓవర్‌లాక్‌కు డీసీ×27లో 16 ఆపైన. మందపాటి మడతలు కలిసే చోట సూది వంగి ప్లేటుకు తగిలి విరుగుతుంది. వేగంగా గంటల తరబడి కుడితే సూది వేడెక్కి పాలిస్టర్ దారం కరిగి తెగుతుంది. బంగారు రంగులో ఉండే టైటానియం పూత సూదులు అరుగుదలను తట్టుకుంటాయి, ధర ఎక్కువ. ముందు ఒక యూనిట్‌కు ఒక పాకెట్ ఇచ్చి ఎన్ని గంటలు వచ్చిందో వాళ్ళ మెకానిక్‌తోనే లెక్క పెట్టించండి. కొనే నిర్ణయం యజమానిది అయినా, పేరు చెప్పేది మెకానిక్.

ఓవర్‌లాక్ కత్తులు, దారాన్ని ఉచ్చులు వేసే లూపర్లు నోటి మాట మీద తేవద్దు. మిషను మోడల్, భాగం మీద చెక్కిన నంబరు రెండూ ఉండాలి. కింది కత్తి, పై కత్తి జతగా అడగండి. సర్క్యూట్ బోర్డులు, సర్వో మోటార్లు స్టాకు పెట్టకండి, ఒకటి పాడైతే పది సూది పెట్టెల లాభం దానితో పోతుంది.

అరువు తప్పదు, హద్దు పెట్టుకోవాలి. యూనిట్‌కు ఒక వారం వాడకానికి మించి బాకీ నిలవకూడదు. పాత బిల్లు కట్టాకే కొత్త పెట్టె. బాకీ పుస్తకంలో ప్రతిసారీ సంతకం తీసుకోండి, సూపర్‌వైజరు మారిపోతాడు, ‘ఎవరు తీసుకున్నారో మాకు తెలియదు’ అంటారు. ఇంటి టైలర్లకు 500 రూపాయలు దాటి అరువు వద్దు.

ప్రశ్న: జీఎస్టీ తీసుకోవాలా? (అనకాపల్లి, కరీంనగర్ నుంచి ఇద్దరు)

ఇద్దరికీ జవాబు వేరు. సరుకు మాత్రమే అమ్మేవాళ్ళకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా రిజిస్ట్రేషను అక్కర్లేదు. తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలే. అనకాపల్లివారు ఒకటి గమనించాలి. కొట్లో మిషన్లు రిపేరు చేసి కూలి కూడా తీసుకుంటే మీరు సేవ కూడా ఇస్తున్నట్టు, అప్పుడు మీ హద్దూ 20 లక్షలకు దిగుతుంది. రిపేరు పని మెకానిక్ తన పేరున చేసుకుంటే ఈ చిక్కు లేదు.

పక్క రాష్ట్రానికి సరుకు అమ్మితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషను కావాలి. కొనడానికి ఆ నిబంధన లేదు, లుధియానా నుంచి తెప్పించుకోవచ్చు. రిజిస్ట్రేషను లేకపోతే అక్కడ కట్టిన పన్ను మీకు తిరిగి రాదు, దాన్ని కొన్న ధరలోనే కలిపి లెక్క వేసుకోండి. సరుకు విలువ 50 వేలు దాటితే సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు ఉందో లేదో పంపేవాణ్ణి అడగండి. జీఎస్టీలో చిన్న వ్యాపారులకు ఉండే కాంపొజిషన్ పద్ధతి తీసుకుంటే అమ్మకాల మీద 1 శాతం మీ జేబులోంచి కట్టాలి, కొన్నవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, పక్క రాష్ట్రాలకు అమ్మకూడదు. చిన్న కొట్టుకు లెక్కల భారం మాత్రం తక్కువ. పన్ను రేట్లు 2025 సెప్టెంబరు 22 నుంచి మారాయి. మిషన్లు, వాటి సూదులు, విడిభాగాలు పన్ను పట్టికలో 8452 కోడ్ కింద వస్తాయి, దారం, జిప్పు, గుండీల కోడ్‌లు వేరు. పాత బిల్లు చూసి ధరలు కట్టకండి.

ప్రశ్న: రోజుకు ఎంత అమ్మితే గిట్టుబాటవుతుంది? 20 శాతం లాభం వేసుకుంటున్నాను, నెలాఖరుకు ఏమీ కనిపించడం లేదు. (నల్గొండ)

బహుశా మీరు కొన్న ధర మీద 20 వేస్తున్నారు. 80 రూపాయలకు కొన్నదాన్ని 96కు అమ్ముతున్నారు. 96లో 16 అంటే అమ్మకం మీద 17 శాతం కూడా లేదు. అమ్మకం మీద 20 మిగలాలంటే 100కు అమ్మాలి, అంటే కొన్నదాని మీద 25 వేయాలి.

ఇక లెక్క. అద్దె 5,000, కరెంటు 800, రవాణా, ఫోను 1,200, మొత్తం 7,000 అనుకుందాం. మీకు ఇంటికి 12,000 కావాలి. నెలకు 19,000 మిగలాలి. 20 శాతం మీద అది 95,000 అమ్మకం, 26 రోజులకు రోజుకు సుమారు 3,650. కుర్రాణ్ణి 8,000కు పెట్టుకుంటే అదే రోజుకు 5,200 అవుతుంది. అప్పు వడ్డీ ఇందులో లేదు. మొదటి ఆరు నెలలు ఒక్కరే కూర్చోమని చెప్పేది ఈ తేడా చూసే.

దారంలో మార్జిను పల్చన, పోటీ ఎక్కువ, ధర అందరికీ తెలుసు. దాన్ని మనుషుల్ని రప్పించే సరుకుగానే చూడండి. లాభం చిన్న విడిభాగాల్లో, హుక్కుల్లో, తాళ్ళలో, ఎలాస్టిక్‌లో ఉంది. ఎలాస్టిక్ మీటర్లలో కోస్తారు కాబట్టి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న మీటరు కడ్డీ వాడండి, గల్లాకు గీతలు గీసి కొలవకండి. సాగదీసి కొలిచే అలవాటు మీ కుర్రాడికి ఉంటే మాన్పించండి.

ప్రశ్న: మగ్గం వర్క్ సామాను కూడా పెడదామా? (నరసరావుపేట)

పూసలు, చంకీలు, కుందన్లు, జర్దోసి వేలాది రకాలు, రెండు సీజన్లకే పాతబడతాయి. జరీ దారం, మగ్గం సూదులు, రింగులు చాలు. మీ పక్కన వర్క్ చేసేవాళ్ళు పది మంది తేలాక మిగతాది చూడండి.

ప్రశ్న: సముద్రం గాలికి సూదులు, బాబిన్లు తుప్పు పడుతున్నాయి. (మచిలీపట్నం)

సూదుల పెట్టెలు గోడకు ఆనుకున్న ర్యాకులో కాకుండా మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి, లోపల సిలికా జెల్ పొట్లాలు వేయండి. మందుల డబ్బాల్లో వచ్చేవీ పనికొస్తాయి. పొట్లాలు తేమ పీల్చాక కొత్తవి వేయండి. స్టీలు బాబిన్లు, షటిళ్ళు, ప్లేట్లు వచ్చిన రోజే మిషను నూనె తడిపిన గుడ్డతో ఒకసారి తుడిచి సంచుల్లో కట్టండి, ఒట్టి చేతులతో ముట్టుకుంటే చెమట మరక దగ్గరే తుప్పు మొదలవుతుంది. కత్తెరల మధ్య మేకుకు నూనె చుక్క. ఎలాస్టిక్‌కు తుప్పు ఉండదు గానీ వేడికి జీవం పోతుంది, కిటికీ పక్కన పెట్టకండి, ముందు వచ్చిన రోలు ముందు కోయండి. ఒకసారి తుప్పు చుక్క పడిన సూదిని తుడిచి అమ్మవద్దు. తెల్ల పట్టు మీద మొదటి కుట్టుకే మరక పడుతుంది.